బోదె చందా, బోర్డు మీద పేర్లు: డెల్టాలో ఒక ప్రయోగాన్ని మళ్లీ చేసి చూసిన కేసు

ప్రయోగ అర్థశాస్త్రంలో ఒక ఫలితాన్ని మళ్లీ చేసి చూస్తే అది రాకపోవడం కొత్తేమీ కాదు. అలా రానప్పుడు మొదలయ్యే గొడవే కష్టం. "అసలు ఫలితమే నిలవదు" అని ఒకరంటారు, "మీరు మాలాగా చేయలేదు" అని మరొకరంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. కోనసీమలో నేను పనిచేసిన ఒక కేసులో ఆ గొడవ తేలింది. ఎలా తేలిందో, ఏ అడుగు ఎందుకు వేశామో వివరంగా రాస్తున్నాను. మన జిల్లాల్లో ఊళ్లకు వెళ్లి ఇలాంటి ప్రయోగాలు చేసే కుర్రవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు, వాళ్లకు పనికొస్తుంది. ఊరు, సంస్థ, కాలేజీ పేర్లు తీసేశాను, ఆనవాలు పట్టించే వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

మధ్య డెల్టాలో ఒక పంట కాలువ. ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలినా శివారు పొలాలకు చేరేది బోదెలు, అంటే పొలాల మధ్య పారే చిన్న కాలువలు, బాగుంటేనే. సార్వాలో (ఖరీఫ్ వరి) వానలు ఆదుకుంటాయి కాబట్టి లోటు అంతగా తెలియదు. దాళ్వాలో (రబీ వరి), అందులోనూ నీళ్లు వంతులవారీగా ఇచ్చే రోజుల్లో, పూడుకుపోయిన బోదె చివర ఉన్న రైతుకు టెన్షన్ మొదలవుతుంది. పూడిక, గుర్రపుడెక్క తీయాలంటే వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే తీయాలి. పెద్ద కాలువల సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. కానీ పొలాల మధ్య పారే పంట బోదె దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల రైతులే తలా ఇంత వేసుకుని మనుషుల్నో, చిన్న జేసీబీనో పెట్టించుకోవాలి. తలా ఇంత అన్నచోటే పేచీ. నేను వేయకపోయినా పక్కవాడు వేస్తే నీళ్లు నాకూ వస్తాయి.

ఈ ప్రాంతంలో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ కోసం ఒక కాలేజీ అధ్యాపకులు, విద్యార్థులు కలిసి అంతకుముందు ఒక ప్రయోగం చేశారు. అర్థశాస్త్రంలో బాగా నలిగిన ఉమ్మడి నిధి ఆటే అది. నలుగురు ఒక జట్టు, ఒక్కొక్కరికి 10 టోకెన్లు, టోకెన్ 50 రూపాయలు. ఎన్ని టోకెన్లు ఉంచుకోవాలో, ఎన్ని ఉమ్మడి డబ్బాలో వేయాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. డబ్బాలో పడినదాన్ని రెట్టింపు చేసి నలుగురికీ సమానంగా పంచుతారు. అందరూ అంతా వేస్తే తలా 1,000 రూపాయలు. ముగ్గురు అంతా వేసి ఒకడు ఏమీ వేయకపోతే ఆ ఒకడికి 1,250, మిగతా వాళ్లకు 750. కొన్ని జట్లలో ఎవరెంత వేశారో గుట్టుగా ఉంచారు. కొన్నింటిలో ఆట అయ్యాక పేరు, అంకె చదివి వినిపించారు. పేర్లు చదివిన జట్లలో చందా చాలా ఎక్కువగా పడిందని నివేదిక.

వచ్చిన సమస్య

ఆ నివేదిక చూసి, ప్రతి బోదె మొదట్లో ఎవరెంత ఇచ్చారో రాసిన బోర్డు పెట్టించాలని సంస్థ అనుకుంది. చాలా ఊళ్లలో పెట్టే ఆలోచన. వాళ్ల కమిటీలో, కాలువల మీద ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయన మాత్రం, ఒక్క ఊళ్లో ఒక్కసారి చేసినదాన్ని పట్టుకుని ఇన్ని ఊళ్లలో పేర్లు ఎక్కించడం ఏమిటని అడ్డుపడ్డారు. అలా నన్ను పిలిచారు.

మళ్లీ చేయడం అవసరమా అన్నది మొదటి నిర్ణయం. అవసరం లేదనడానికి గట్టి కారణమే ఉంది. అర్థశాస్త్రవేత్తలు జేమ్స్ ఆండ్రియోని, రేగన్ పెట్రీ 2004లో ప్రచురించిన పనిలో, ఎవరెంత ఇచ్చారో ముఖాలతో సహా తెలిసేలా చేస్తే చందాలు పెరిగాయి. అంటే కాలేజీవాళ్ల ఫలితం గాలిలోంచి ఊడిపడింది కాదు. అయినా చేయాలనే చెప్పాను. పాల్గొన్నవాళ్లు తక్కువ, తేడా మాత్రం పెద్దది. ఈ రెండూ కలిసి కనిపిస్తే నేను ఆగుతాను. 2016లో కోలిన్ కామెరర్ బృందం సైన్స్ పత్రికలో వేసిన పని ఇందుకు ఆధారం. అమెరికన్ ఎకనామిక్ రివ్యూ, క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లలో 2011 నుంచి 2014 వరకు వచ్చిన 18 ల్యాబ్ ప్రయోగాలను వాళ్లు మళ్లీ చేశారు. 11 నిలిచాయి. తేడా పరిమాణం సగటున మొదటిదానిలో 66 శాతమే వచ్చింది. ప్రపంచంలోకెల్లా పేరున్న పత్రికల్లో పడ్డవాటి సంగతే ఇది. చిన్న సంఖ్యతో పెద్ద తేడా కనిపించినప్పుడు అందులో కొంత అదృష్టం కలిసి ఉండే అవకాశం ఎక్కువ.

రెండో కారణం అంకెల్లో లేదు. ప్రయోగంలో తప్పు దొర్లితే మళ్లీ చేసుకోవచ్చు. ఊళ్లో పేర్లు బోర్డుకెక్కాక మనసులు విరిగితే ఏ ప్రయోగమూ అతకదు.

మొదటి ప్రయత్నం

కాలేజీవాళ్లను వాళ్లు వాడిన కాగితాలు అడిగాం: సూచనల పత్రం, ఆడినవాళ్లు నింపిన స్లిప్పులు, అంకెల ఫైలు. వాళ్లు మనస్ఫూర్తిగా వెతికారు. నివేదిక, కొన్ని స్లైడ్లు తప్ప ఏమీ మిగల్లేదు. దీన్ని వాళ్ల లోపంగా చూడలేను. 1986లో డీవాల్డ్, థర్స్‌బీ, ఆండర్సన్ అనే ముగ్గురు ఒక పేరున్న బ్యాంకింగ్ పత్రికలో వ్యాసాలు రాసినవాళ్ల దగ్గర డేటా, ప్రోగ్రాములు అడిగి చూశారు. చాలామంది ఇవ్వలేకపోయారు, ఇచ్చినవాటిలో పొరపాట్లు అరుదుగా కాదు, మామూలుగానే దొరికాయి. పత్రికలు డేటా అడిగి తీసుకునే అలవాటుకు ఆ వ్యాసం ఒక మలుపు.

నివేదికలో రాసినది రాసినట్టు చేయాలని నిర్ణయించాం. అదే ఊళ్లో చేయడం కుదరదు, అక్కడ ఆట ముగిశాక దాని అర్థమంతా అందరికీ వివరించారు. అదే కాలువ కింద, అదే పంటలున్న పక్క ఊరు తీసుకున్నాం. టోకెన్లు, రూపాయలు, జట్టు సంఖ్య, చదివే మాటలు, అన్నీ నివేదికలో ఉన్నట్టే. మనుషుల్ని మాత్రం బాగా పెంచాం, ఎందుకంటే మొదటి తేడాలో మూడింట రెండు వంతులే నిజమైనా అది కనిపించాలి.

డబ్బు తగ్గించి టోకెన్లతోనే ఆడిద్దామన్న సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. దీనికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. హాన్స్ బిన్స్‌వాంగర్ పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థలో ఉన్నప్పుడు, మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లతో సహా కొన్ని గ్రామాల్లో రైతులు రిస్కును ఎలా చూస్తారో కొలిచి 1980లో ప్రచురించాడు. అర్ధరూపాయి నుంచి మొదలుపెట్టి నిజమైన డబ్బుతో పందెం పెంచుకుంటూ పోయాడు. పెద్ద పందెంలో గెలుపు ఆ రోజుల్లో ఒక కూలీ నెల సంపాదనను మించేది. నోటిమాటగా అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులు, డబ్బుతో ఆడినప్పుడు వచ్చినవి పొంతన లేకుండా పోయాయి. చేతిలో నిజమైన నోటు ఉన్నప్పుడే రైతు నిజంగా ఆలోచిస్తాడని నేను దాన్నుంచి అర్థం చేసుకున్నాను.

ఫలితం: పేర్లు చదివిన జట్లకూ గుట్టుగా ఆడిన జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ సగానికి అటూఇటూగా వేశాయి.

ఎందుకు చాల్లేదు

నేను ఈ ఫలితం చెప్పినప్పుడు కాలేజీ నుంచి వచ్చిన అధ్యాపకుడు మర్యాదగానే, "మీ ఊరు వేరు, మా ఊరు వేరండి. చదివిన మనిషి కూడా వేరు," అన్నారు. ఆ మాట కొట్టిపారేయగలిగేది కాదు. ఇదే ఉమ్మడి నిధి ఆటలో, పాత జట్టుతోనే పదేపదే ఆడేవాళ్లకంటే ప్రతిసారీ కొత్తవాళ్లతో ఆడేవాళ్లు ఎక్కువ వేస్తారని ఆండ్రియోని 1988లో చూపించాడు. రేచల్ క్రోసన్ 1996లో మళ్లీ చేస్తే ఉల్టాగా వచ్చింది. తర్వాత ఎందరో చేశారు. కొన్ని అటు, కొన్ని ఇటు, కొన్ని ఎటూ కాదు. ఎన్నిసార్లు చేసినా లెక్క పెరిగిందే తప్ప ఎందుకన్నది తెలియలేదు. నేను ఇంకో ఊరు వెళ్లి ఇంకోసారి చేసినా అదే గతి పట్టేది. సంస్థవాళ్లు ఓట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవారు.

నాకు దారి చూపింది ప్రయోగ అర్థశాస్త్రవేత్త చార్లెస్ ప్లాట్ పని. ఆయన రెండు వేర్వేరు సందర్భాల్లో చేసినవి పక్కపక్కన పెట్టి చూడాలి. 1979లో డేవిడ్ గ్రెథర్‌తో కలిసి, మనస్తత్వ శాస్త్రవేత్తలు లిక్టెన్‌స్టీన్, స్లోవిక్ 1971లో చూపిన ఒక వింతను పరీక్షించాడు. రెండు పందేల్లో ఒకదాన్ని ఎంచుకున్న మనిషే రెండోదానికి ఎక్కువ ధర కడతాడన్నది ఆ వింత. ఆ ఫలితాన్ని అర్థశాస్త్రం నుంచి తోసెయ్యాలన్న ఉద్దేశం వాళ్లు వ్యాసంలోనే దాచుకోలేదు. ఒక్కో అనుమానాన్నీ తొలగిస్తూ ప్రయోగం కట్టారు. వింత పోలేదు. పోలేదనే రాశారు. 2005లో కేథరిన్ జైలర్‌తో కలిసి ఇంకో పేరున్న ఫలితం పట్టుకున్నాడు. ఒక కప్పు చేతికొచ్చాక అమ్మడానికి అడిగే ధర, అదే కప్పు కొనడానికి ఇస్తామనే ధరకంటే చాలా ఎక్కువ ఉంటుందని కానెమన్, నెట్ష్, థేలర్ 1990లో చూపినది. ప్లాట్, జైలర్ ముందు పాత పద్ధతిలోనే చేసి ఆ తేడాను రప్పించారు. తర్వాత శిక్షణ, డబ్బుతో ప్రాక్టీసు రౌండ్లు, గోప్యత చేర్చి చేస్తే తేడా పోయింది. ఆ ముగింపు మీద వాదన తర్వాత కూడా నడిచింది, 2011లో ఐసోని, లూమ్స్, సగ్డెన్ దాన్ని ప్రశ్నించారు. కానీ పద్ధతి నాకు నచ్చింది. ఎదుటివాళ్ల ఫలితాన్ని ముందు నువ్వే రప్పించు, తర్వాత ఒక్కటి మార్చి పోగొట్టు. అప్పుడు ఊరు వేరు, మనిషి వేరు అనే మాటకు చోటుండదు.

ఈ శాస్త్రం పుట్టుకలోనే ఇది ఉంది. 1948లో హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ చాంబర్లిన్ తరగతి గదిలో నకిలీ సంత పెట్టి, పోటీ ధర, అంటే సరఫరా, గిరాకీ సరితూగే ధర, రావడం లేదని చూపించాడు. తర్వాత అక్కడ విద్యార్థిగా ఉన్న వెర్నన్ స్మిత్ 1956లో పర్డ్యూలో అదే సంతను రెండు మార్పులతో పెట్టాడు. బేరాలు అందరికీ వినపడేలా అరిచి చెప్పాలి, సంత మళ్లీమళ్లీ జరగాలి. ధర పోటీ ధర వైపు నడిచింది. ఆ పని 1962లో అచ్చయింది, 2002లో నోబెల్ వచ్చింది. చాంబర్లిన్ సంత తప్పని స్మిత్ రుజువు చేయలేదు. ఏ ఏర్పాటులో ఏం వస్తుందో చూపించాడు.

రిజిస్టరు

కాబట్టి మా పని మారింది. మొదటి ఫలితం ఎలా వచ్చిందో కనుక్కోవాలి. నివేదికలో రాయని విషయం ఏదో ఉండాలి.

అది కాలేజీలో దొరకలేదు, సంస్థ అకౌంట్స్ గదిలో దొరికింది. రైతులకు డబ్బు ఇచ్చినప్పుడు సంతకాలు తీసుకున్న అక్విటెన్స్ రిజిస్టరును ఆడిట్ కోసం దాచారు. ఆ ఫారం ఏదో వ్యవసాయ శిక్షణ హాజరు పట్టీకి జిరాక్స్. అందుకే పేరు, తండ్రి పేరు, ఇచ్చిన మొత్తం, సంతకం లేదా వేలిముద్రతో పాటు 'సొంతం / కౌలు' అనే గడి కూడా ఉంది, ప్రయోగానికి దానితో పనేమీ లేకపోయినా. రాసిన అమ్మాయి శ్రద్ధగలది, ప్రతి వరుసలోనూ టిక్కు పెట్టింది. మొదటి పేజీల్లో వరసగా కౌలు, కౌలు, కౌలు. తర్వాత స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత, దాని కింద 'మధ్యాహ్నం'. ఆ తర్వాతి పేజీల్లో దాదాపు అన్నీ సొంతం.

నివేదికలో 'యాదృచ్ఛికంగా విభజించాం' అని ఉంది. జరిగినది వేరు. ముందు వచ్చినవాళ్లను పొద్దున గుట్టు జట్లలో, తర్వాత వచ్చినవాళ్లను మధ్యాహ్నం పేర్లు చదివే జట్లలో కూర్చోబెట్టారు. ఎవరు ఎప్పుడొస్తారో మనం ఎంచలేదు కాబట్టి అది యాదృచ్ఛికమేనని వాళ్లు నమ్మారు. ఊళ్లో పొద్దున్నే ఎవరొస్తారు? పని చూసుకుని మళ్లీ చేనుకు పోవాల్సిన కౌలు రైతు వస్తాడు. భూమి గల కామందులు భోజనాలయ్యాక, కొందరు టౌను నుంచి బండి మీద వస్తారు. అంటే పేర్లు చదవడానికీ చదవకపోవడానికీ మధ్య కొలిచామనుకున్న తేడా, చాలావరకు సొంత రైతుకూ కౌలు రైతుకూ మధ్య తేడా కావచ్చు.

కావచ్చు, అంతే. ఆ గడిలోని టిక్కులు అనుమానం ఇచ్చాయి, రుజువు ఇవ్వలేదు.

పనిచేసిన పద్ధతి

మూడో ఊళ్లో మూడు రకాల సెషన్లు పెట్టాం. మొదటి రకం, కాలేజీవాళ్లు నిజంగా చేసినట్టు: వచ్చిన వరుసలో పొద్దున గుట్టు, మధ్యాహ్నం పేర్లు. రెండో రకం, అదే వచ్చిన వరుస, కానీ తలకిందులు: పొద్దున పేర్లు, మధ్యాహ్నం గుట్టు. మూడో రకం, అందరూ వచ్చాక ఊరి పిల్లవాడి చేత చీట్లు తీయించి విభజన. ఎవరినీ రెండుసార్లు ఆడనివ్వలేదు.

ఈ రెండో రకానికి డబ్బు దండగని సంస్థలో కొందరన్నారు. నా దృష్టిలో ఖర్చులన్నిటిలోకెల్లా విలువైనది అదే. మొదటి రకంలో తేడా వచ్చి, చీట్లలో పోతే, 'చీట్లు తీసే తతంగం వల్ల జనం గంభీరంగా అయిపోయారు' అని ఇంకో వాదన పుట్టొచ్చు. తలకిందులు చేసినప్పుడు తేడా కూడా తలకిందులైతే ఆ వాదన నిలవదు.

సూచనలు చదివే పనిలో సగం ఆ కాలేజీ అధ్యాపకుడికే ఇచ్చాం. ఆల్విన్ రాత్, మరి ముగ్గురు 1991లో జెరూసలేం, లుబ్లియానా, పిట్స్‌బర్గ్, టోక్యోల్లో బేరాల ప్రయోగం చేసినప్పుడు, ప్రయోగం నడిపే మనిషి వల్ల వచ్చే తేడాను దేశాల తేడా అనుకోకూడదని ప్రత్యేకంగా జాగ్రత్తపడ్డారు. మా చోట ఇంకో లాభం కూడా ఉంది. ఫలితం ఏదైనా అది ఆయన చేతుల మీదుగా వచ్చినదే అవుతుంది.

మొదటి రకంలో పాత ఫలితం వచ్చింది. కాస్త చిన్నదే అయినా స్పష్టంగా వచ్చింది. రెండో రకంలో పేర్లు చదివిన జట్లే తక్కువ వేశాయి. చీట్ల సెషన్లలో మొత్తం మీద తేడా లేదు. అంకెలు బోర్డు మీద రాస్తున్నప్పుడు ఆ అధ్యాపకుడే మాకంటే ముందు లేచి, "పొద్దున బ్యాచ్, మధ్యాహ్నం బ్యాచ్... అంతే కదండీ," అన్నారు. తర్వాత తన పాత నివేదికకు సవరణ తనే రాసి సంస్థకు పంపారు. ఆ సవరణ మీద నాకు గొప్ప గౌరవం ఉంది.

కౌలు రైతు లెక్క

ఇక్కడితో ఆపేయొచ్చు, పేర్లు చదివితే ఏమీ కాదని రాసేయొచ్చు. కానీ చీట్ల సెషన్ల అంకెల్ని సొంతం, కౌలు అని విడగొడితే ఇంకోటి కనిపించింది. పేర్లు చదివినప్పుడు సొంత రైతులు కొంచెం ఎక్కువ వేశారు, కౌలు రైతులు తక్కువ వేశారు. రెండూ కలిపితే ఒకదాన్నొకటి చెరిపేశాయి.

కౌలు రైతు ఎందుకు తగ్గిస్తాడు? ఊళ్లో ఒకాయన చెప్పింది నాకు ఏ వ్యాసంలోనూ దొరకలేదు. "మేష్టారూ, నా పేరు పక్కన అయిదొందలని చదివారనుకోండి. కామందు గారు వింటారు కదండి. వీడికి మిగులుతోందన్నమాట అనుకుంటారండి. వచ్చే యేడు ఎకరానికి ఇంకో బస్తా అడుగుతారండి." నోటిమాట మీద ఏడాదికోసారి నడిచే కౌలులో ఇది పిసినారితనం కాదు, పక్కా లెక్క. పైగా బోదె బాగు చేయించాల్సింది భూమి గలవాడా, సాగు చేసేవాడా అన్న పాత తగువు ఎలాగూ ఉంది.

కథ బాగుంది. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త అవసరం. ఫలితం చూశాక గుంపుల్ని విడగొడుతూ పోతే ఎక్కడో ఒకచోట తేడా కనిపిస్తుంది, దానికి తగ్గ కథ కూడా దొరుకుతుంది. మేం పరీక్షించడానికి వచ్చిన ఫలితంకంటే ఇది గట్టిదని చెప్పే హక్కు మాకు లేదు. అందుకని ముందే అంచనా రాసి పెట్టాం: పేర్లు చదివితే కౌలు రైతుల చందా తగ్గుతుంది, సొంత రైతులది పెరుగుతుంది, ఎంతమందితో చూస్తాం, ఏ లెక్క వేస్తాం. ఒక కాపీ సీల్ వేసి కమిటీలోని ఆ పెద్దాయన దగ్గర ఉంచాం. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 2013 నుంచి ఇలా ముందస్తుగా రాయించుకునే రిజిస్ట్రీ నడుపుతోంది. ఊరి స్థాయి పనికి కవరు సరిపోయింది. ఆయన అంత తేలిగ్గా కవరు విప్పే మనిషి కాదు.

ఇంకో కాలువ కింద ఊళ్లో, చీట్లతో, చేశాం. కౌలు రైతుల సంగతి నిలిచింది, మొదటిదానికంటే చిన్నగా. సొంత రైతుల పెరుగుదల నిలవలేదు. ఉందో లేదో చెప్పలేని స్థాయిలో ఉంది. నివేదికలో రెండు వాక్యాలూ ఒకే అక్షరాల సైజులో రాశాం. రెండోదాన్ని అనుబంధంలోకి తోసేద్దామన్న సలహా తీసుకోలేదు.

తర్వాత

సంస్థ బోర్డుల ఆలోచన మానుకుంది. ఎకరా లెక్కన ఎంతని ముందే అనుకుని, భూమి గలవాళ్ల వంతు, సాగు చేసేవాళ్ల వంతు వేరువేరుగా వసూలు చేసి, ఎవరి రసీదు వాళ్లకే ఇస్తున్నారు. ఇది బోర్డుకంటే మెరుగని మా ప్రయోగం చెప్పలేదు. కౌలు రైతుకు నష్టం చేసే దారి ఒకటి మూసిందంతే.

చేసే తీరులో మాకు మారినవి కొన్ని ఉన్నాయి. ఇప్పుడు ఎవరైనా తమ ప్రయోగం మళ్లీ చేయమంటే, నివేదిక చదివే ముందు డబ్బు పంచిన రిజిస్టరు, హాలు బుకింగు, భోజనాల బిల్లు అడుగుతాను. జనం ఏ వరుసలో, ఏ వేళకు వచ్చారో వాటిలో ఉంటుంది. చీట్లు ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎవరి ఎదుట తీశారు అని అడుగుతాను. 'యాదృచ్ఛికంగా' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోను. పాత బృందాన్ని మొదటి రోజునుంచే పక్కన కూర్చోబెట్టుకుంటాను. ఖర్చు లెక్క వేసేటప్పుడు తలకిందుల సెషన్లకు ముందే డబ్బు పక్కన పెడతాను, చివర్లో అడిగితే ఎవరూ ఇవ్వరు.

చదివిన సూచనలు, స్లిప్పులు, పేర్లు తీసేసిన అంకెలు, కవరులోని అంచనా, అన్నీ ఒక కట్టగా సంస్థ దగ్గర ఉంచాం, అడిగినవాళ్లకు ఇమ్మని రాసిచ్చాం. పశ్చిమ డెల్టాలో, చేపల చెరువులు ఎక్కువై వరి కౌలు తగ్గిన ఊళ్లలో కౌలు రైతు ఇలాగే లెక్క వేస్తాడా అన్నది ఇంకా చూడలేదు. వచ్చే వేసవిలో కాలువలు కట్టాక ఇద్దరు విద్యార్థులు అది చేస్తామని ఆ కట్ట తీసుకెళ్లారు.